అటేరు వాళ్ళు ఇంటికొచ్చిన ఆదివారం

తెల్లవారేసరికి సుందరి చేసే మొదటి పని గేటు తీయడం.

అండమాన్‌లో సూర్యుడికి తొందరెక్కువ. మెయిన్‌ల్యాండులో జనం ఇంకా ముసుగుతన్ని పడుకున్న వేళకే ప్రోతరాపూర్ కొబ్బరిచెట్ల మీదికి ఎండ ఎక్కేస్తుంది. అంతకన్నా ముందే ఆవిడ పొయ్యి మీద పెద్దగిన్నెలో చాయ్‌కి నీళ్ళు పడేసి, కొంగు నడుముకి దోపుకుని, పక్కనే ఉన్న తెలుగు మందిరం గేటు దగ్గరికి వెళ్ళేది. సముద్రపు గాలికి ఆ ఇనుప గేటు తుప్పు పట్టిపోయింది. కాస్త పైకెత్తి, భుజం ఆనించి నెడితేగాని కదలదు. నెట్టాక ఒక్క క్షణం అక్కడే నిలబడి, తల మీద చెంగు వేసుకుని, పైకే అనేది:

"బేబై వాళ్ళని ఇంటికి తీసుకొచ్చావు. వందనాలు ప్రభువా."

మర్నాడు బిగ్వయి వాళ్ళని తీసుకొచ్చినందుకు. ఆ మర్నాడు ఇంకొకళ్ళని.

వీళ్ళెవరో కొత్తవాళ్ళకి అర్థమయ్యేది కాదు. పూర్వం ఒక రాజు యూదుల్ని చెరపట్టి బబులోను దేశానికి తోలుకుపోయాడు. తరాలు గడిచాక వాళ్ళలో కొందరు సొంత ఊరికి తిరిగొచ్చారు. అలా తిరిగొచ్చిన వంశాల పేర్లు బైబిలు వాక్యంలో పేజీల కొద్దీ ఉంటాయి. చదివేవాళ్ళు అక్కడికొచ్చేసరికి వేలు తడిచేసుకుని పేజీ తిప్పేస్తారు. సుందరి మాత్రం తిప్పేది కాదు. ఆ పేర్లని రోజుకొకటి చొప్పున, పక్కింటివాళ్ళని తలుచుకున్నట్టు తలుచుకునేది.

"వాళ్ళు పోయి రెండువేల ఏళ్ళు దాటింది ఆంటీ, ఇప్పుడు ప్రార్థన చేసి ఏం లాభం?" అని ఎవరైనా ఆటపట్టిస్తే నవ్వేది.

"ప్రార్థన కాదమ్మా, వందనం చెప్తున్నాను. మంచి జరిగినందుకు వందనం చెప్పడానికి ఆలస్యం ఏముంది?"

ఈలోగా చాయ్ మరిగేది. పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళే మొదటి బస్సుకోసం రోడ్డు మీద నిలబడ్డవాళ్ళకి స్టీలు గ్లాసుల్లో పోసి ఇచ్చేది. అందులో తెలుగువాళ్ళుండేవారు, రాంచీవాళ్ళుండేవారు, తమిళులుండేవారు. అందరికీ ఆవిడ దీదీయే. తాగిన గ్లాసు ఎవరికి వాళ్ళు కడిగి గోడమీద బోర్లించి బస్సెక్కేవారు. ఎవరూ చెప్పకుండానే ఆ పద్ధతి ఏర్పడిపోయింది.

ఆవిడ పుట్టింది ఈ ద్వీపంలోనే. తండ్రి కాకినాడ వైపునుంచి అడవి పనికి ఓడెక్కి వచ్చాడు. అప్పట్లో ఇక్కడికి చేరిన తెలుగు క్రైస్తవులు రేకుల షెడ్డు కింద కూడుకుని పాటలు పాడుకునేవారు, పాడుతూ ఏడ్చేవారు. ఊరు గుర్తొచ్చేది మరి. వాళ్ళ ఏడుపు చూడలేక అప్పట్లో ప్రార్థన నడిపిన ఉపదేశిగారు ఒక ఉపాయం చేశారు. "చెరనుంచి తిరిగొచ్చిన వాళ్ళున్నారు గదా, మనమూ వాళ్ళమే అనుకుందాం" అని, ఇంటికో వంశం పేరు పంచిపెట్టారు. పెద్ద కుటుంబాలకి పెద్ద వంశాలు. సుందరి తండ్రి అప్పటికి ఒంటిగాడు, పెళ్ళి కూడా కాలేదు. ఆయనకి అటేరు అనే వంశం వచ్చింది. లెక్కకి అతి చిన్నవాటిలో ఒకటి. పేరు విన్నవాళ్ళే తక్కువ.

"చిన్న వంశం వచ్చిందని చిన్నబుచ్చుకోకు నాయనా. అటేరు వాళ్ళలో ద్వారం కాసేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు తీస్తేగాని ఎవరూ లోపలికి రాలేరు" అన్నారట ఉపదేశిగారు. ఆ మాటని సుందరి తండ్రి చనిపోయేదాకా పతకంలా చెప్పుకున్నాడు.

అప్పటినుంచి మందిర ప్రతిష్ఠ పండగకి ఒక ఆచారం నిలిచిపోయింది. ఆ ఆదివారం పొద్దున గేటు వేసి ఉంటుంది. కుటుంబాలన్నీ బస్‌స్టాపు దగ్గర పోగై, తలమీద మూటలు పెట్టుకుని, పాడుకుంటూ, సెక్రటరీ పేరు పిలిచిన కొద్దీ వంశాలవారీగా నడిచొస్తాయి. లోపల నిలబడ్డ ద్వారపాలకుడు, "ఎవరు మీరు?" అని అడుగుతాడు. "ఫలానా వంశస్థులం, చెరనుంచి వచ్చాం!" అని వీళ్ళు అరుస్తారు. "రండి, ఇల్లు మీదే" అని గేటు తీస్తాడు. వాళ్ళు లోపలికి రాగానే మళ్ళీ మూసి, తర్వాతి వంశాన్ని అడుగుతాడు. అందరూ వచ్చాక చిన్న ప్రార్థన, ఆపైన భోజనం. తరాలు మారాక తిరిగి మెయిన్‌ల్యాండుకి వెళ్ళాలన్న ఆశ ఎవరికీ లేదు. అయినా ఆ గేటులోంచి లోపలికొస్తుంటే ముసలివాళ్ళకి ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. పిల్లలకైతే అరవడం సరదా.

సుందరి భర్త లాయిడ్, ఓడలో వంటవాడు. పుట్టుకకి బేబై వంశం. పెళ్ళయ్యాక ఆవిడ ఒక్కతే అటేరులో మిగిలిపోతుందని, ఆ పండగకి మూట నెత్తిన పెట్టుకుని ఆవిడ పక్కకొచ్చి నిలబడ్డాడు. బేబై వాళ్ళు గోలగోల చేశారు. "వంశానికి ఇల్లరికం వెళ్ళినవాణ్ణి నిన్నే చూశాం రా" అని ఏడిపించారు. "మామగారింట్లో బిర్యానీ ముందు పెడతారు" అన్నాడు లాయిడ్. ఏటేటా వాళ్ళిద్దరూ నడిచొచ్చేవారు. ఇద్దరే అయినా ఇరవైమందంత అరిచేవారు. పిల్లలు కలగలేదు. అంగన్‌వాడీలో ఆయాగా సుందరి ఊళ్ళో పిల్లలందరి ముక్కులూ తుడిచింది, అందుకని ఆ లోటు ఎవరికీ లోటులా కనబడలేదు. లాయిడ్ చనిపోయిన ఏడాది పండగకి, ఒక్కతే ఎలా నడుస్తుందని ఎవరో జాలిపడి, "ఆంటీ, నువ్వు గేటు దగ్గర ఉండు" అన్నారు. ఆవిడ ఉంది. తర్వాత ఏటా ఆవిడే ఉంది.

ఈ ఏడు పండగ ముందు కమిటీ కూర్చుంది. కొత్త సెక్రటరీ దేవకుమార్ పోర్ట్‌బ్లెయిర్‌లో ఓడ టిక్కెట్ల ఆఫీసులో పని చేస్తాడు. మనిషి మంచివాడు. ఆ వారమే సుందరి బియ్యం బస్తా భుజాన వేసుకుని ఇంట్లో దించి, చాయ్ కూడా తాగకుండా పరిగెత్తాడు. కాకపోతే టైం అంటే ప్రాణం.

"షిప్పుకి టైం దాటితే నిచ్చెన ఎత్తేస్తారు. మన బిర్యానీకి మాత్రం టైం లేదు" అన్నాడు. "పోయినేడు ఎండలో నిలబడలేక పిల్లలు కళ్ళు తిరిగి పడ్డారు. ఈసారి కనీసం ఐదుగురైనా లేని వంశాన్ని పిలవొద్దు. పక్కదాంట్లో కలిపేద్దాం."

పిల్లల మాట వచ్చేసరికి అందరూ సరేనన్నారు. దేవకుమార్ ఫోన్లో చూసుకుంటూ, "అటేరు అని ఒకటుంది. ఇందులో ఎవరున్నారు?" అని అడిగాడు.

"ఎవరూ లేరు భయ్యా. లాయిడ్ అంకుల్ పోయాక ఎవరూ నడవట్లేదు" అన్నారెవరో.

సుందరి అక్కడే ఉంది. అందరికీ చాయ్ గ్లాసులు అందిస్తోంది. 'నేనున్నాను' అనే మాట గొంతుదాకా వచ్చింది. ఈలోగా మూల కూర్చున్న పెద్దాయనకి చాయ్ అందలేదని గమనించి అటు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి, "ఠీక్ హై, తీసేద్దాం" అన్న మాట అయిపోయింది.

దేవకుమార్ మీద కోపం రాలేదు. కాని ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటే, తండ్రి మొహం ఒకటే గుర్తొచ్చింది. అన్ని వంశాలూ ఇంటికొస్తాయి. ఒక్క అటేరు వాళ్ళని పిలిచేవాళ్ళు కూడా ఉండరు. వాళ్ళు దారిలోనే ఉండిపోయినట్టు లెక్క.

ఆ సాయంత్రం చౌల్దారీ ఊళ్ళో ఉంటూ ఈ మందిరానికే వచ్చే బేబీరాణి ఇంటికి బస్సెక్కి వెళ్ళింది. బేబీరాణికి నలుగురు కూతుళ్ళు. ఒక్క పూటకి అటేరులోకి వస్తారా అని అడిగితే ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో ఆంటీ! మా అత్తగారు బతికుండగా బిగ్వయి వదిలితే నన్ను ఇంట్లో ఉండనిస్తారా? ఆయమ్మకి నాకన్నా బిగ్వయి ఎక్కువ" అంది. అరటిపళ్ళ అత్తం ఇచ్చి, బస్సుదాకా వచ్చి సాగనంపింది.

మర్నాడు పొద్దున సుందరి గేటు తీసి, పేరేదీ చెప్పకుండానే వెనక్కొచ్చింది. చాయ్ పోసింది. ఒకాయన ఒక గుక్క తాగి, పక్కాయన వంక చూసి, మాట్లాడకుండా గ్లాసు ఖాళీ చేశాడు. తర్వాతి మనిషీ అంతే. అందరూ తాగి, గ్లాసులు కడిగి బోర్లించి, బస్సెక్కేశారు. చివరికి చేపల తట్ట దించుకుని గట్టుమీద కూర్చున్న అప్పలకొండ ఒక్కతే నోరు తెరిచింది.

"ఏటి దీదీ, ఈయేళ పంచదార ఎవులు తినీసినారు?"

అప్పలకొండది జంగ్లీఘాట్. మొగుడు నూకన్న డోంగీ పడవలో చేపల వేటకెళ్తాడు, ఆవిడ ప్రోతరాపూర్ దాకా తిరిగి అమ్ముతుంది. రోజూ ఇక్కడ చాయ్ తాగి, వద్దన్నా వినకుండా గుప్పెడు కవళ్ళ చేపలో, ఒక చేప తలకాయో గోడమీద పెట్టి పోవడం ఆవిడ అలవాటు.

సుందరి నాలుక్కరుచుకుంది. "అయ్యో, వెయ్యలేదా? మరి వాళ్ళెవరూ చెప్పలేదేమే?"

"నీ మొకం సూసి ఎవులు సెప్తారు? ఏటైనాది, సెప్పు."

సుందరి చెప్పింది. అటేరు వాళ్ళ కథంతా చెప్పింది. పరాయి దేశానికి తోలుకుపోవడం, అక్కడ పిల్లలు పుట్టడం, వాళ్ళకి అక్కడి మాటే నోట్లో తిరగడం, ఎప్పుడూ చూడని ఊరికి మాది ఫలానా ఊరని చెప్పుకుని బయల్దేరడం. అప్పలకొండ తట్టమీద ఈగలు తోలడం కూడా మరిచిపోయి వింది.

"ఓలమ్మా, ఇది మా కతే గదా!" అంది. "మా తాత సోంపేటకాడ్నించి ఓడెక్కి ఒచ్చీసినాడు. మళ్ళీ ఎల్లినోడు గాదు. నాను ఆ ఊరు సూడ్నేదు. ఎవులైనా అడిగితే మాత్రం సోంపేట అనే సెప్తాను. నా కొడుకు హాస్టల్లో సదువుతున్నాడు, హిందీలో తిడతాడు, తెలుగులో ఏడుస్తాడు."

"వెళ్ళిపోవాలని ఉంటుందా ఎప్పుడైనా?"

"ఏటికి? నా వల, నా తట్ట, నా తగువులు, అన్నీ ఈడే గదా." చాయ్ చివరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "ఐదుగురు గావాలా? నాను, మా ఆయన, మా అత్త కాళమ్మ, మా తమ్ముడు చిట్టిబాబు. ఆడికి ఆటో ఉంది, అందరం అందులోనే ఒచ్చీగలం. నువ్వొక్కత్తివి. లెక్క సరిపోనాది."

సుందరి తెల్లబోయింది. "మీ అమ్మవారు ఏమనుకుంటుందో కొండమ్మా."

"మా గంగమ్మ ఏటంటాది? పక్కింటి పెళ్ళికెల్తే కోప్పడతాదేటి? లాయిడ్ బావ ఇల్లరికం ఒచ్చినట్టే మేమూ ఒస్తాం. బిర్యానీ ఉంటాది గదా?"

సుందరి అప్పటికప్పుడు పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆయన "ఇంటికొస్తామంటున్న వాళ్ళని నేనెలా వద్దంటానమ్మా? ఆ రోజు గేటు నీది. నువ్వు తీస్తే వచ్చినట్టే" అన్నారు. దేవకుమార్‌కీ చెప్పింది. అతను ఆశ్చర్యపోయాడు గాని, కాదనలేదు. "ఐదుగురు వస్తే పిలుస్తాను ఆంటీ. కాకపోతే బిర్యానీ దించేలోగా రావాలి. ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా ఆపలేను, ముందే చెప్తున్నా."

మర్నాడు చాయ్‌లో పంచదార ఒక పిడికెడు ఎక్కువే పడింది.

పండగ ఆదివారం ఎండ కాస్తోంది, గాలీ ఉంది. సుందరి తెల్లచీర కట్టుకుని గేటు వెనక నిలబడింది. బేబై వాళ్ళు వచ్చారు, బిగ్వయి వాళ్ళు బేబీరాణి అత్తగారిని కుర్చీలో మోసుకొచ్చారు. ఆయమ్మ అందరికన్నా గట్టిగా అరిచింది. "ఎవరు మీరు?" అని అడిగినప్పుడల్లా, "రండి, ఇల్లు మీదే" అన్నప్పుడల్లా సుందరి చూపు వాళ్ళ తలల మీదుగా రోడ్డు చివరికి పోతోంది. ఆటో జాడ లేదు.

వంశాలన్నీ అయిపోయాయి. ఆవరణ నిండిపోయింది. వెనక షెడ్డులో వంటవాళ్ళు బిర్యానీ దేగిశా మూత తీశారు. మసాలా వాసన గేటుదాకా వచ్చింది.

దేవకుమార్ మెల్లగా దగ్గరికొచ్చాడు. "ఆంటీ, ఇక గేటు తెరిచి వదిలేద్దామా? అందరూ వచ్చేశారు."

"ఇంకొక వంశం ఉంది బాబూ."

అతను ఫోన్ చూసుకున్నాడు, పిల్లల వంక చూశాడు, సుందరి చేతుల వంక చూశాడు. ఆవిడ రెండు చేతులూ గేటు కమ్మీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఫోన్ జేబులో పెట్టేసి పక్కన నిలబడ్డాడు.

"ఏంటండీ ఆలస్యం?" అని అతని భార్య ఫేబే వెనకనుంచి కేకేసింది.

"అటేరు వాళ్ళు రావాలి."

"రానివ్వండి. మీ షిప్పులు ఎన్నిసార్లు టైంకి బయల్దేరాయేంటి?"

ఆవరణంతా గొల్లుమంది. ఆ నవ్వులు ఇంకా ఆగకముందే రోడ్డు మలుపులో హారన్ వినబడింది. ఒక్కసారి కాదు, పెళ్ళివారి బండిలా ఆపకుండా. చిట్టిబాబు ఆటోకి బంతిపూల దండ కట్టి ఉంది. ఆటో ఆగకుండానే అప్పలకొండ దూకింది. పట్టుచీర, తలనిండా పూలు, నెత్తిన మూట. వెనక నూకన్న దిగి, తడి గోనెపట్టాలో చుట్టిన చేపని భుజానికెత్తుకున్నాడు. తోక మోకాలిదాకా వేలాడుతోంది.

"ఆలీసం అయిపోనాది దీదీ, తప్పు నాదే!" అన్నాడు ఆయాసపడుతూ. "ఇంటికొచ్చేటోళ్ళు ఉత్తి సేతుల్తో రాకూడదు గదా. మా పద్ధతి. తెల్లారకుండా ఎల్లినాను, వంజరం పడీదాకా తిరిగి రాబుద్ది గాలేదు."

"ఆ చేప కోస్తే ఇంకో బిర్యానీ అవుతుంది" అని లోపల ఎవరో అన్నారు.

చివరగా చిట్టిబాబు చెయ్యి పట్టుకుని కాళమ్మ దిగింది. నూకన్న తల్లి. ఎండిన కొబ్బరిబోండంలా గట్టి మనిషి. అందరూ గేటు ముందు వరసగా నిలబడ్డారు. సుందరి తల మీద చెంగు సర్దుకుని అడిగింది:

"ఎవరు మీరు?"

అప్పలకొండ వారంరోజులుగా నేర్పుతూనే ఉంది. అయినా కాళమ్మకి ఆ ప్రశ్న వినగానే ఒళ్ళు మండింది. ఒక అడుగు ముందుకేసింది.

"ఎవులా? అగుపడ్డం నేదేటి? మైలపల్లోళ్ళం! నూకన్న తల్లిని! నాలుగు రోజులు ఓడలో కక్కుకుంటా ఈ దేశం ఒచ్చినదాన్ని!"

ఆవరణలో నవ్వులు మిన్నంటాయి. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అత్తా! అది గాదు గదా, నేర్పినాను గదా!" అని అప్పలకొండ తల బాదుకుంది.

"నేర్పితే? ఆవిడ ఎవులని అడిగినాది. అడిగినోళ్ళకి నిజం సెప్పాల గదా."

"సెప్పీసినావు గదా, ఇప్పుడు ఇది సెప్పు. ఒకటీ, రెండూ..."

నలుగురూ ఒక్కసారిగా అరిచారు. "అటేరు వంశస్థులం! చెరనుంచి ఒచ్చినాం!"

ఆ పేరు అలా బయటినుంచి వినబడి ఎన్నేళ్ళైందో. సుందరి 'రండి' అనబోయింది. అంతలో దేవకుమార్ నవ్వు ఆపుకుంటూ వేలితో లెక్కపెట్టాడు. "ఆంటీ, నలుగురే ఉన్నారు."

"ఐదోది ఈవిడే గదా" అని అప్పలకొండ గేటులోంచి సుందరిని చూపించింది.

కాళమ్మ సుందరిని పైనుంచి కిందిదాకా చూసింది. అర్థం కాని వింత చూసినట్టు కనుబొమలు ముడేసింది.

"మరి మా మనిషివి, లోపల్నించి అడుగుతావేటే అమ్మా? మమ్మల్ని ఎండలో నిలబెట్టీసి? ఇంటోళ్ళందరూ కలిసి గదా ఇంటికి రావాల. బయటికి రా."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట లోపలున్న వాళ్ళందరికీ ఒక్కసారి తగిలింది. లాయిడ్ పోయినప్పటినుంచి ప్రతి ఏడూ ఈ గేటు దగ్గర సుందరి అందరినీ అడిగింది, అందరికీ తీసింది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఆవిడకి ఎవరూ తీయలేదు. ఏటా అందరూ ఇంటికొస్తుంటే ఆవిడ ఒక్కతే ఎక్కడినుంచీ రాకుండా, లోపలే నిలబడి ఉండిపోయింది. దేవకుమార్ మొహం ఎర్రబడింది. చిన్నప్పుడు తన ముక్కు తుడిచిన చెయ్యి ఆ కమ్మీ మీద ఉంది.

"ఆంటీ, నేను..." అన్నాడు.

సుందరి అప్పటికే గేటు కాస్త పైకెత్తి, భుజం ఆనించి నెట్టింది. బయటికి నడిచి, కాళమ్మ పక్కన నిలబడింది. అప్పలకొండ తన మూట తీసి ఆవిడ నెత్తిన పెట్టింది. అందులో ఏముందో గాని బరువుగానే ఉంది. నూకన్న చేప భుజం మార్చుకున్నాడు. చిట్టిబాబు ఎందుకైనా మంచిదని హారన్ ఇంకొక్కసారి కొట్టి, పరిగెత్తుకొచ్చి వరసలో కలిశాడు.

మూట ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చెమటో కన్నీళ్ళో తుడుచుకుని, సుందరి నవ్వుతూ గేటు అవతల ఉన్న సెక్రటరీ వంక చూసింది.

"బాబూ దేవకుమార్, ఒక్క పని చేసిపెడతావా నాన్నా? ఆ గేటు వేసి, నేను నిలబడే చోట నువ్వు నిలబడు. కాస్త పైకెత్తి లాగు, లేకపోతే పడదు. వేశాక మేమెవరమో మమ్మల్ని ఒకసారి అడుగు."